నేమ్‌బయో రివ్యూ: డొమైన్ కొనే ముందు ఐదు నిమిషాలు ఇక్కడ కూర్చోండి

గుంటూరు అరండల్‌పేటలో నాది చిన్న వెబ్‌సైట్ల దుకాణం. నర్సింగ్ హోములు, స్కూళ్లు, మిర్చి ఎగుమతి చేసేవాళ్లు, క్యాటరింగ్ వాళ్లు నా కస్టమర్లు. దాని పక్కనే డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైట్ చిరునామాలు, కొని అమ్మే వ్యాపారం కూడా చాలా ఏళ్లుగా నడుస్తోంది. పొద్దున టీ తాగుతూ ఆ పని కోసం నేను తెరిచే మొదటి సైటు నేమ్‌బయో. రీల్స్‌లో "ఎనిమిది వందలకు కొని ఎనిమిది లక్షలకు అమ్మండి" అని ఊదరగొట్టేవాళ్లు ఈమధ్య ఎక్కువైపోయారు. వాళ్ల కోర్సుకు డబ్బులు కట్టే ముందు ఈ సైటు సంగతి తెలుసుకుంటే మంచిదని రాస్తున్నాను.

ఇక్కడ పేర్లు అమ్మరు. ఫలానా పేరు, ఫలానా తేదీన, ఫలానా చోట, ఇంతకు అమ్ముడుపోయింది అని లెక్క రాసి పెడతారు. మీకు కావాల్సిన మాట పేరు మొదట్లో ఉండాలా, చివర్లోనా, ఎక్కడున్నా పరవాలేదా అని చెప్పి వెతకొచ్చు. డాట్ కామ్ మాత్రమే చూపించు, ఇన్ని అక్షరాల లోపువే చూపించు, ఈ తేదీ నుంచి ఆ తేదీ దాకా చూపించు అని వడపోయవచ్చు. కింద పట్టికలో పేరు, డాలర్లలో ధర, తేదీ, అమ్మిన చోటు వస్తాయి. హంగులేమీ లేవు.

కొత్తవాళ్ల కళ్లు ధర దగ్గరే ఆగిపోతాయి. నన్నడిగితే ముందు చూడాల్సింది చివరి కాలమ్, అంటే అమ్మిన చోటు. అక్కడ గోడాడీ, డ్రాప్‌క్యాచ్, నేమ్‌జెట్ లాంటివి ఉంటే అది ఎక్కువగా వేలం, అంటే నాలాంటి వ్యాపారులు ఒకరి మీద ఒకరు పాడుకున్న టోకు ధర. సెడో, ఆఫ్టర్నిక్, ఆటమ్ లాంటివి ఉంటే ఎక్కువగా కంపెనీ పెట్టుకునేవాడు సొంతానికి కొన్న చిల్లర ధర. ఒకే రకం పేరు వేలంలో 300 డాలర్లకు పోయి, కొన్నాళ్లకు చిల్లరలో 3,000కు పోవచ్చు. ఈ రెండూ కలిపి సగటు తీసి "నా పేరు విలువ ఇంత" అనుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది. సైటువాళ్లు ఈ తేడాను పెద్ద అక్షరాలతో చెప్పొచ్చు, చెప్పరు. మనమే పసిగట్టాలి.

వేలానికి వచ్చే పేర్లలో చాలావరకు పాత యజమాని రెన్యువల్ చేయకుండా వదిలేసినవే. డాట్ కామ్ పేరు గడువు తీరాక కొన్ని వారాలు రిజిస్ట్రార్, అంటే దాన్ని అమ్మిన కంపెనీ, చేతిలో ఉంటుంది. చాలా పేర్లు ఆ దశలోనే వేలానికి వెళ్లిపోతాయి. అక్కడా ఎవరూ తీసుకోకపోతే 30 రోజులు రిడెంప్షన్ (పాత యజమాని అదనంగా కట్టి వెనక్కి తీసుకునే గడువు), 5 రోజులు పెండింగ్ డిలీట్ (తొలగింపుకు ముందు ఎవరూ ముట్టుకోలేని గడువు), ఆ తర్వాతే ఎవరైనా తీసుకోవచ్చు. ఆ విడుదల మన టైమ్ ప్రకారం రాత్రి పదకొండున్నరకు మొదలవుతుంది, చలికాలంలో పన్నెండున్నరకు. మనం పేరు టైప్ చేసే లోపలే డ్రాప్‌క్యాచ్ లాంటి కంపెనీల సాఫ్ట్‌వేర్లు ఎగరేసుకుపోతాయి. మంచం మీద ఫోన్ పట్టుకుని కాచుకు కూర్చోవడం దండగ.

ఇక ట్రెండ్ల సంగతి. తేదీల వడపోత అనే చిన్న సదుపాయం కోసమైనా ఈ సైటు వాడొచ్చు. 2015 మీద పెట్టి చూడండి. అచ్చులు లేని నాలుగక్షరాల డాట్ కామ్‌లు, అంకెల పేర్లు వరసగా కనిపిస్తాయి. అవన్నీ చైనా పెట్టుబడిదారుల పుణ్యం. పిన్‌యిన్‌లో, అంటే చైనా మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతిలో, పొడి అక్షరాలుగా పనికొస్తాయని ఎగబడి కొన్నారు. ఆ ఏడాదే క్విహూ 360 అనే చైనా కంపెనీ వొడాఫోన్ దగ్గర 360 డాట్ కామ్‌ను 1.7 కోట్ల డాలర్లకు కొంది. ఆ వార్త చూసి మన హైదరాబాద్‌లో కూడా అర్థంలేని అక్షరాలు కొన్నవాళ్లున్నారు. మరుసటి ఏడాది ధరలు జారిపోయాయి.

ఇప్పుడు 2022కు రండి. ఎన్‌ఎఫ్‌టీస్ డాట్ కామ్ ఆ ఆగస్టులో కోటిన్నర డాలర్లకు పోయింది. అప్పటికే ఎన్‌ఎఫ్‌టీల (డిజిటల్ బొమ్మల్లాంటి వాటికి యాజమాన్య గుర్తుగా అమ్మే టోకెన్ల) గాలి దిగిపోతోంది. పెద్ద అమ్మకం వార్త మన ఫోన్ దాకా వచ్చేసరికి ఆ బండి స్టేషన్ దాటి ఉంటుందని నేను మావాళ్లకు చెప్పేది దీన్ని చూపించే. ఎన్‌ఎఫ్‌టీ అన్న మాట ఉన్న చిన్నాచితకా పేర్లకు ఆ తర్వాతి నెలల్లో ఏమైందో కూడా వెతికి చూడండి.

ప్రస్తుతం నడుస్తున్నది ఏఐ కాలం. డాట్ ఏఐ అంటే కృత్రిమ మేధకు కేటాయించిన చిరునామా అనుకుంటారు చాలామంది. అది కరేబియన్‌లో పదిహేను, పదహారు వేల జనాభా ఉన్న ఆంగ్విల్లా అనే దీవిది. చాట్‌జీపీటీ వచ్చాక వాళ్ల దశ తిరిగింది. 2023లో ఆ పేర్ల మీదే దాదాపు 3.2 కోట్ల డాలర్లు వచ్చాయి, అంటే ప్రభుత్వ ఆదాయంలో ఐదో వంతుకు పైనే. నేమ్‌బయోలో డాట్ ఏఐ వడపోత పెట్టి 2021నీ 2024నీ పక్కపక్కన చూస్తే ఈ కథ ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. 2025లో ఫిన్ డాట్ ఏఐ పది లక్షల డాలర్లకు పోయింది. కాకపోతే పైన మెరుస్తున్నవన్నీ ఒక్క మాట పేర్లు, పొట్టి పేర్లు. డాట్ ఏఐ ఒకేసారి రెండేళ్లకు కొనాలి, పన్నెండు వేలకు తక్కువ పడదు. పది పేర్లు కొంటే లక్షా ఇరవై వేలు, రెండేళ్ల తర్వాత మళ్లీ అంత.

మా అక్క కొడుకు తెనాలిలో ఉంటాడు. ఎవరిదో కోర్సు కొని, అది చూసిన ఊపులో ఒక్క రాత్రిలో నలభై పేర్లు కొనేశాడు. ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని దిగాడు.

"మావయ్యా, ఆన్‌లైన్‌లో విలువ కట్టే అప్రైజల్‌లో ఈ పేరు రెండు వేల డాలర్లని చూపిస్తోంది."

"చూపించినవాడు కొంటాడేమో అడుగు" అన్నాను.

ఇద్దరం కూర్చుని ఒక్కో పేరునూ నేమ్‌బయోలో పెట్టాం. నేను చూసే పద్ధతి ఇది. అందులోని ముఖ్యమైన మాట తీసుకుని, డాట్ కామ్ మాత్రమే ఎంచుకుని, గడిచిన రెండేళ్ల అమ్మకాలు చూడాలి. ఆ మాటతో ఎన్ని పేర్లు పోయాయి, అందులో చిల్లర అమ్మకాలెన్ని, పోయిన పేర్లలో ఆ మాట ముందుందా, వెనకుందా? రెండు మాటల పేర్లే పోతూ ఉంటే మన నాలుగు మాటల పేరుకు అక్కడ చోటు లేదు. వాడి జాబితాలో సగానికి పైగా "కిసాన్", "స్మార్ట్", "హబ్", "ఏఐ" నాలుగూ కలిపి అతికించినవే. పట్టికలో వాటికి దగ్గరి చుట్టం కూడా దొరకలేదు. వాడి ముఖం చిన్నబోయింది గానీ వాదించలేదు, ఎదురుగా లెక్క ఉంది మరి. ఈ సైటు బలం ఇదే. ఏది కొనాలో చెప్పడం దీనికి చేతకాదు. ఏది వద్దో మాత్రం మొహమాటం లేకుండా చెబుతుంది.

అయితే ఇందులో పెద్ద లోటు ఒకటుంది. అమ్ముడుపోయినవే పట్టికలో ఉంటాయి. అమ్ముడుపోకుండా ఏళ్ల తరబడి రెన్యువల్ తింటున్న లక్షల పేర్లు ఎక్కడా కనబడవు. ఈ వ్యాపారంలో ఏడాదికి నూటికి ఒకటో రెండో పోతే మామూలు కిందే లెక్క. వంద డాట్ కామ్‌లు ఉన్నాయనుకోండి, ఒక్కోదానికి రెన్యువల్ పదకొండు వందలు వేసినా ఏడాదికి లక్షా పదివేలు. ఒక పేరు లక్షన్నరకు పోయి, అందులో 15 శాతం కమిషన్ పోతే చేతికి లక్షా ఇరవై ఏడు వేల ఐదు వందలు. మిగిలింది పదిహేడున్నర వేలు. విదేశీ కరెన్సీ ఛార్జీలు, టాక్స్ ఇంకా తీయలేదు.

డొమైన్‌ను "డిజిటల్ ప్లాటు" అని అమ్మేవాళ్లు చెప్పనిది ఈ రెన్యువలే. ప్లాటుకు పట్టా ఉంటుంది. దీనికున్నది కౌలు, ఏటా కట్టకపోతే వేరేవాడికి పోతుంది. ఆ కౌలు కూడా పెరుగుతోంది. డాట్ కామ్ నడిపే వెరిసైన్ టోకు ధర 2021 దాకా 7.85 డాలర్లుండేది, 2024 సెప్టెంబర్‌కు 10.26 అయింది. ఆరేళ్ల ఒప్పందంలో చివరి నాలుగేళ్లు ఏటా 7 శాతం దాకా పెంచుకునే హక్కు వాళ్లకుంది. కొత్త ఎక్స్‌టెన్షన్ల (పేరు చివర డాట్ తర్వాత వచ్చే భాగాల) సంగతి ఇంకా అన్యాయం. మొదటి ఏడాది వందకే ఇచ్చి, రెండో ఏడాది వేలల్లో బిల్లు వేసేవి బోలెడు.

రహస్యంగా జరిగే అమ్మకాలూ ఇందులోకి రావు. 2019లో వాయిస్ డాట్ కామ్ మూడు కోట్ల డాలర్లకు పోయిందని లోకానికి తెలిసింది, అమ్మిన మైక్రోస్ట్రాటజీ షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ కాబట్టి బయటపెట్టింది. చాట్ డాట్ కామ్‌ను హబ్‌స్పాట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ సహవ్యవస్థాపకుడు ధర్మేష్ షా 2023లో కోటిన్నర డాలర్లకు పైగా పెట్టి కొన్నాడు. తర్వాత అది చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐకి వెళ్లింది. ఎంతకు ఇచ్చాడో అధికారికంగా చెప్పలేదు.

మనవాళ్లకు అసలు ఇబ్బంది వేరే. నేమ్‌బయోకు మన బజారు కనబడదు. తెలుగు మాటల పేర్లు కొనేది ఎవరు? అమెరికాకు పచ్చళ్లు పంపే గోదావరి జిల్లాల వాళ్లు, వెంచర్ వేసే రియల్టర్లు, మ్యారేజ్ బ్యూరోలు. బేరం వాట్సాప్‌లో, డబ్బు ఫోన్‌పేలో. ధర పదిహేను వేల నుంచి యాభై వేల మధ్య. ఇందులో ఏ ఒక్కటీ ఆ పట్టికకు ఎక్కదు. అమరావతి పేర్లనే తీసుకోండి. రాజధాని పేరు ఖాయమైన 2015లో ఎగబడ్డారు. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చాక నా దగ్గరున్న వాటి గురించి ఫోన్ చేసిన నాథుడు లేడు. 2024 జూన్ తర్వాత మళ్లీ ఫోన్లు మొదలయ్యాయి. ఈ ఎగుడుదిగుళ్లు తెలుసుకోవాలంటే మంగళగిరి రోడ్డు మీద ఫ్లెక్సీలు చూడాలి, నేమ్‌బయో కాదు.

తెలుగు పేర్లకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ తలనొప్పి కూడా ఉంది. పచ్చళ్లు అని ఇంగ్లిష్‌లో రాయమంటే నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. సి ఎన్ని, హెచ్ ఎన్ని, ఎల్ ఒకటా రెండా? ఫోన్‌లో చెబితే అవతలివాడు తప్పు లేకుండా టైప్ చేయగలడా అని చూసుకుంటాను. చేయలేకపోతే ఎంత అందమైన పేరైనా వదిలేస్తాను. డాట్ ఇన్ అమ్మకాలు ఇందులో కనిపిస్తాయి గానీ డాట్ కామ్‌తో పోలిస్తే బాగా తక్కువ. డాట్ ఇన్ కొనేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి, డాట్ ఇన్ నడిపే నిక్సీ సంస్థ నిబంధనల ప్రకారం అందులో యజమాని వివరాలు దాచే ప్రైవసీ సేవ లేదు.

ట్రేడ్‌మార్క్ హెచ్చరిక కూడా ఇక్కడ ఉండదు. కంపెనీ పేరు కలిసిన డొమైన్ అమ్ముడుపోయినట్టు పట్టికలో ఉందని మీరూ అలాంటిది కొంటే ఇరుక్కుంటారు. 2024లో జియోహాట్‌స్టార్ డాట్ కామ్ గొడవ గుర్తుందిగా? జియో, హాట్‌స్టార్ కలుస్తాయన్న ముందుచూపుతో ఒక ఢిల్లీ కుర్రాడు కొని, తన విదేశీ చదువుకు డబ్బివ్వమని రిలయన్స్‌ను అడిగాడు. దేశమంతా వార్త అయింది, అడిగిన డబ్బు మాత్రం రాలేదు. అలాంటి పేర్ల మీద కంపెనీలు యూడీఆర్‌పీ (డొమైన్ తగాదాలు తేల్చే అంతర్జాతీయ నిబంధనలు) కింద, డాట్ ఇన్ అయితే అలాంటిదే అయిన మన ఐఎన్‌డీఆర్‌పీ కింద ఫిర్యాదు చేసి లాక్కోగలవు. మా వాడి జాబితాలో అలాంటివి రెండున్నాయి. రెన్యువల్ చేయొద్దని అప్పటికప్పుడే ఆటో రెన్యూ తీయించాను.

డబ్బు కట్టాలా అంటే, యాభై లోపు పేర్లున్నవాళ్లకు అక్కర్లేదు. ఉచిత ఖాతాలో ఫలితాలు కొంతవరకే చూపిస్తుంది, అయినా ఒక మాటకు బజారు ఉందో లేదో తేల్చుకోవడానికి అది చాలు. రోజూ వేలంలో పాడేవాళ్లు, వందల పేర్లను ఒకేసారి బేరీజు వేసుకోవాల్సినవాళ్లు మెంబర్‌షిప్ తీసుకోవచ్చు. నేను వేలాలు ఎక్కువగా ఉన్న నెలల్లో కడతాను, మిగతా నెలల్లో ఆపేస్తాను. ఫోన్‌లో పట్టిక ఇరుకుగా కనిపిస్తుంది కాబట్టి లాప్‌టాప్‌లో చూడండి. ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ టోకు, చిల్లర కలిపేసి చూపిస్తున్నందుకు.