ఆచార్య తులసి బాట: అణువ్రతమా, ప్రేక్షాధ్యానమా?

1936లో, తన 22వ ఏట తేరాపంథ్ జైన శాఖకు అధిపతి అయిన ఆచార్య తులసి 1949లో ప్రారంభించిన అణువ్రత ఉద్యమం, మతమేదైనా సరే, చిన్న చిన్న నియమాలతో బతుకును చక్కదిద్దుకోమంటుంది. ఆయన శిష్యులు, 1994లో పీఠాన్ని అందుకున్న మహాప్రజ్ఞ రూపొందించిన ప్రేక్షాధ్యానం శ్వాసను గమనించడం నేర్పుతుంది.

2020లో వారి వారసులు మహాశ్రమణ్ చాతుర్మాస్యం గడిపిన హైదరాబాద్‌లో, బేగంబజార్ వ్యాపారికి ఏది ముందంటే నేను అణువ్రతమే అంటాను. ధ్యానానికి తీరిక, ఏకాంతం కావాలి. తూకంలో మోసం చేయననీ, సరుకులో కల్తీ కలపననీ, ఎవరినీ అంటరానివారిగా చూడననీ పట్టిన వ్రతమైతే గిరాకీ ఎదుట, తరాజు పట్టుకున్న చేతిలోనే ఆచరణకు వస్తుంది. అయితే లోపలి దురాశ, కోపం తగ్గకుండా ఏ నియమమూ ఎక్కువ కాలం నిలవదు కనుక, వ్రతం కుదురుకున్నాక ధ్యానాన్నీ చేర్చుకోవడం మేలు.