50 నానోమీటర్ల కొల్లాయిడల్ సిలికా: విశాఖ ల్యాబుల్లో కొనదగ్గదేనా?

1 మైక్రాన్ డైమండ్ పేస్టుతో పాలిష్ చేసిన ఉక్కు సాంపిల్ అద్దంలా మెరుస్తుంది. అదే సాంపిల్‌ను ఈబీఎస్‌డీలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో లోహపు స్ఫటికాల అమరిక చూసే పరీక్ష) పెడితే పాటర్న్ మసకగా వస్తుంది. డైమండ్ కోసినచోట పైపొర నలిగి ఉండటమే కారణం. ఆ నలిగిన పొరను తీసేది ఈ కొల్లాయిడల్ సిలికా, అంటే నీళ్ళలో తేలే అతిసన్నటి సిలికా రేణువుల పాలిష్ ద్రావణం. విశాఖలో ఉక్కు, టైటానియం సాంపిళ్ళు చూసేవాళ్ళకి మా సలహా: తప్పకుండా కొనండి, కానీ సీసాను జాగ్రత్తగా చూసుకోవాలి.

ఇది వట్టి రుద్దుడు కాదు. ద్రావణం క్షారం, పీహెచ్ పదికి దగ్గర్లో ఉంటుంది. అది లోహం పైపొరను మెత్తబరిస్తే సిలికా రేణువులు దాన్ని ఊడ్చేస్తాయి. అందుకని గట్టిగా నొక్కినా పని తొందరగా తెమలదు, అంచులు గుండ్రబడతాయి, అంతే. మెత్తటి నూగు గుడ్డ, 150 ఆర్‌పీఎం, తేలికపాటి ఒత్తిడి, 3 నుంచి 5 నిమిషాలు. అంతకు మించితే గట్టి ఫేజులు (లోహంలోని గట్టి భాగాలు) ఎత్తుగా మిగిలిపోతాయి.

గుడ్డను ముందుగా డిస్టిల్డ్ వాటర్‌తో తడపాలి. తీరం దగ్గరి బోరు నీళ్ళు వద్దేవద్దు. ఉప్పు తగిలితే సిలికా గడ్డకడుతుంది, ఆమ్లం తగిలినా అంతే.

అసలు పరీక్ష ఆఖరి 20 సెకన్లది. సిలికా పోయడం ఆపి, గుడ్డ బిగించిన డిస్క్ తిరుగుతుండగానే నీళ్ళు వదలాలి. గుడ్డనూ అప్పుడే కడిగెయ్యాలి. ఆరనిస్తే సాంపిల్ మీద తెల్లటి పొర బిగుసుకుంటుంది, గుడ్డ అట్టలా తయారై మళ్ళీ పనికిరాదు. కార్బన్ స్టీలును నీళ్ళలో నాననివ్వకుండా వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి, వేడిగాలితో ఆరబెట్టి డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్ర) పెట్టాలి. మన సముద్రపు గాలికి బల్ల మీద వదిలేస్తే తుప్పు చుక్కలు లేస్తాయి.

టైటానియానికి నాలుగు పాళ్ళ సిలికాకి ఒక పాలు 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కలపాలి. ఆ పూటకి కావలసినంతే కలపండి. మిగిలింది మూతపెట్టి దాస్తే వాయువు పుట్టి సీసా ఉబ్బుతుంది.

మాకు నచ్చనిది మూత. పోసిన ప్రతిసారీ మూతి చుట్టూ కారి ఎండుతుంది. ఆ తెల్లటి పెళ్ళలు లోపల రాలాయంటే నానో పాలిష్‌లో మైక్రాన్ల గీతలే. పోశాక తడిగుడ్డతో మూతి తుడవండి. వేరే చిన్న సీసాలోకి వంపుకుని వాడితే ఇంకా మేలు.

ఎచింగ్ చేసి (రసాయనంతో పైపొరను కొద్దిగా తినిపించి) ఉక్కులోని ఫెర్రైట్, పెర్లైట్ భాగాలు చూసుకోవడమే పనైతే దీనికి డబ్బు పెట్టకండి, 1 మైక్రాన్ డైమండ్ చాలు.