జింకు ప్లేటు మీద పౌరసత్వం: ఆరు ఎచింగ్‌ల పెట్టె

బంజారాహిల్స్‌లోని ఒక గ్యాలరీలో అమ్మకానికి పెట్టిన ఈ పెట్టెలో ఆరు ఎచింగ్ కాగితాలున్నాయి, అంటే లోహపు ప్లేటు మీద గీతలను ఆసిడ్‌తో తినిపించి, సిరా పట్టించి ముద్రించినవి. ఏ దేశమూ తనవాళ్లని ఒప్పుకోని మనుషుల గురించిన పని ఇది. ఎడిషన్ 15, అంటే ఇలాంటి పెట్టెలు పదిహేనే. ధర 48 వేలు. పెట్టె మొత్తం కొనాల్సిందే, విడిగా ఇవ్వరు.

కొనదలిస్తే మొదటి మూడు కాగితాల కోసమే కొనాలి. మూడూ ఒకే జింకు ప్లేటు నుంచి వచ్చాయి. దాని మీద ఉన్నది జనన ధ్రువీకరణ పత్రం: పేరు, పుట్టిన ఊరు, తల్లి, తండ్రి. ప్లేటుకు సిరా పట్టించి, గుడ్డతో తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో తిప్పితే మొదటి ప్రతి. మళ్లీ సిరా పెట్టకుండా ఇంకోసారి తిప్పితే రెండోది, మరోసారి తిప్పితే మూడోది. ఈ చివరి రెండింటినీ ఘోస్ట్ ప్రింట్లంటారు. మామూలుగా వర్క్‌షాపుల్లో ప్లేటులో మిగిలిన సిరా తీసెయ్యడానికి చిత్తు కాగితం మీద లాగి పక్కన పడేస్తారు. ఇక్కడ వాటికే నెంబరు వేశారు.

అసలు పనితనం ఆసిడ్ దగ్గరుంది. పేరు, ఊరు గీసిన గీతలను పలచటి నైట్రిక్ ఆసిడ్‌లో కొద్దిసేపే ఉంచి, వార్నిష్ పూసి మూసేశారు. తల్లిదండ్రుల వరసను మాత్రం మళ్లీ మళ్లీ ముంచి లోతుగా తినిపించారు. లోతు గీత సిరా ఎక్కువ పట్టుకుంటుంది కనక మూడో ప్రతికి వచ్చేసరికి ఊరు మాయమై, అమ్మానాన్నల వరస ఒక్కటే బూడిదరంగులో మిగిలింది. అడుగున రబ్బరు స్టాంపుతో తేదీలు: 30-6-1987, 1-7-1987, 3-12-2004.

1955 నాటి పౌరసత్వ చట్టం, దాని సవరణలు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అందుతుంది. దౌత్యాధికారుల పిల్లల్లాంటి మినహాయింపులు పక్కన పెడితే, 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఇక్కడ పుడితే చాలు, పౌరులే. ఆ మర్నాటి నుంచి అమ్మానాన్నల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. చట్టం చూపు ఊరి మీంచి కన్నవాళ్ల మీదికి జరిగిన తీరును ఆసిడ్ లోతుతో చెప్పడం గొప్ప ఆలోచన. పక్కన గోడ మీద వివరణ కాగితం అంటించకపోవడం ఇంకా మంచి పని.

మూడో ప్రతిని దగ్గరగా చూసి తీసుకోండి. సిరా అడుగంటిన ప్లేటు నుంచి గీత లేవాలంటే కాగితం అంతటా ఒకే తడి ఉండాలి, ఒత్తిడి కాస్త పెంచాలి. మన ఎండాకాలంలో కాగితం అంచులు ప్రెస్సు దాకా వెళ్లేలోపే ఆరిపోతాయి. కొన్ని పెట్టెల్లో మూలలు వెలిసినట్టు కనిపించేది అందుకే, కావాలని చేసింది కాదు. వేడికి ఆసిడ్ కూడా దూకుడుగా తింటుంది. ప్లేటు అంచుల్లో అక్కడక్కడ కనిపించే నల్లచుక్కలు గ్రౌండ్ (ఆసిడ్ తగలకుండా ప్లేటుకు వేసే పూత) కింద ఆసిడ్ దూరిన చోట్లు. అవి అన్ని ప్రతుల్లోనూ ఉంటాయి, వాటికి బేరం ఆడక్కర్లేదు.

నాలుగోది కూచ్‌బిహార్ దగ్గరి సరిహద్దు పటం. 2015 జులై 31 అర్ధరాత్రి భారత్, బంగ్లాదేశ్‌లు మార్చుకున్న నేల ముక్కలు, ఒకరి దేశం లోపల చిక్కుకున్న ఇంకొకరి భూములు: అటు మనవి 111, ఇటు వాళ్లవి 51. ఒక్కొక్కటీ ఉల్లిపొరంత కాగితం ముక్కగా కత్తిరించి, జిగురు రాసి, ప్రెస్సులోనే పటం మీద అతికించారు. దహలా ఖాగ్రాబారీ దగ్గర ముక్క మీద ముక్క, దాని మీద ఇంకో ముక్క: బంగ్లాదేశ్‌లో ఉన్న భారత్ భూమిలో మళ్లీ బంగ్లాదేశ్, దానిలో మళ్లీ భారత్. చూపుడువేలు గోరంత చోటులో మూడు పొరలు. అక్కడే జిగురు చాలక అంచులు లేస్తున్నాయి. వానాకాలం చెమ్మకు ఇంకా లేస్తాయి. కొనేముందు కాగితాన్ని ఏటవాలుగా వెలుతురులో పట్టి చూడండి.

ఐదోది ముళ్లకంచె, వెనక చంటిబిడ్డ. దాటేయొచ్చు. సరిహద్దు అంటే ముళ్లకంచె గీయడం అందరూ చేసేదే. చిత్రకారిణి జరీనా హష్మి 2001లో చెక్క దిమ్మ మీద చెక్కి ముద్రించిన ‘డివైడింగ్ లైన్’ చూడండి: భారత్, పాకిస్తాన్‌ల సరిహద్దు గీతను చెక్కకుండా దాని రెండు పక్కలా చెక్కను తొలిచేసి గీతను మిగిల్చారు. పనిముట్టు తానే మాట్లాడితే బొమ్మతో పనేముంది? పైగా ఈ పెట్టె అమ్ముతున్నది హైదరాబాదులో. 1982 పౌరసత్వ చట్టంతో మయన్మార్ బయట పెట్టిన రోహింగ్యాలు మన బాలాపూర్‌లోనే ఉంటున్నారు, వాళ్ల చేతిలో ఉన్నది శరణార్థి కార్డే. ఆ కార్డును ప్లేటు మీదికి ఎక్కించి ఉంటే ముళ్లకంచెకు వంద రెట్లు నయం.

ఆరోది నాన్సెన్ పాస్‌పోర్టు, 1922లో దేశంలేని రష్యన్ శరణార్థుల కోసం మొదలైన పత్రం. ఆక్వాటింట్ (గీతలతో కాకుండా గరుకు ఉపరితలంతో రంగు ఛాయలు తెచ్చే పద్ధతి) బాగుంది, అంతకుమించి చెప్పడానికి లేదు. కాకపోతే జింకు మెత్తన. రోజిన్ (చెట్టు బంక) పొడితో తెచ్చిన ఆ సన్నటి గరుకు ఒత్తిడికి అరిగిపోతుంది, కొన్ని ప్రతుల్లో మధ్యరంగు అప్పుడే పలచబడింది. 1/15 అని ఉన్నంత మాత్రాన ముందు తీసిన ప్రతి అని కాదు, నెంబర్లు ఆ వరసలోనే వెయ్యాలని నియమం లేదు. నెంబరు కాకుండా కాగితం చూసి ఎంచుకోండి.

ఏ కాగితం మీదా కళాకారిణి సంతకం లేదు, నెంబరు మాత్రమే ఉంది. పని వరకూ అది సబబే. కొనేవాళ్లకు మాత్రం చిక్కు: సంతకం లేని ప్రింటును రేపు అమ్మబోతే ఎవరిదని అడుగుతారు. గ్యాలరీ రసీదు మీద కళాకారిణి పేరు, ఎడిషన్ నెంబరు, ప్లేటు కొలత, కాగితం రకం, ముద్రించిన సంవత్సరం రాయించుకోండి. ఎడిషన్ అయ్యాక మళ్లీ ముద్రించడానికి వీల్లేకుండా ప్లేటు మీద అడ్డగీత కొట్టారా అని కూడా అడగండి, లేకపోతే 15 అన్న మాటకు పూచీ లేదు.

ఫ్రేము కట్టేవాళ్లకు అంచులు కత్తిరించవద్దని, ప్లేటు ఒత్తిన గుర్తు కనపడేలా మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కొయ్యమని ముందే చెప్పాలి. ఆసిడ్ లేని మౌంట్ బోర్డు వాడమనండి, సెల్లోటేపు వద్దు. గోధుమ గంజి రాసిన పలచటి కాగితం పట్టీలతో పైన రెండు చోట్ల అతికిస్తే చాలు. ఫ్రేము అద్దం కాగితానికి తగలకూడదు. ఎచింగ్ సిరా నూనెతో చేసింది కనక నిలుస్తుంది, స్టాంపు సిరా ఎండకు వెలిసిపోతుంది. పడమటి ఎండ పడే గోడకు తగిలిస్తే ముందు పోయేది ఆ మూడు తేదీలే.