గుండు తర్వాత మొదటి కటింగ్: లీలామహల్ సర్కిల్ దగ్గరి సెలూన్

తిరుపతిలో గుండు కొట్టించుకోవడం తేలికే, చిక్కంతా జుట్టు మళ్ళీ మొలిచాక. నెలకు ఒక సెంటీమీటరు పైచిలుకు, తలంతా ఒకే ఎత్తున పెరుగుతుంది. దాంతో మూడో నెలకల్లా చెవుల పైన ఉబ్బి, మొహం గుండ్రంగా, పసివాడిలా కనిపిస్తుంది. ఆ దశకు ఈ చిన్న సెలూన్ చాలా మంచిది.

ఇక్కడ పైజుట్టును దాదాపు ముట్టుకోరు. పక్కల 3 నంబరు గార్డుతో (ట్రిమ్మర్‌కు తొడిగే దువ్వెన), అంటే జుట్టు సుమారు 10 మిల్లీమీటర్లు ఉండేలా మొదలుపెట్టి, కిందికి 2, చెవి అంచున 1 వాడతారు. నంబరు మారినచోట పడే గీత దగ్గర ట్రిమ్మర్‌ను తలకు అదిమిపెట్టకుండా, మణికట్టు తిప్పి బయటికి తీస్తారు. పనితనమంతా అక్కడే ఉంది! తల వంపు తిరిగే చోటికి మించి పక్కలు ఎత్తేస్తే పైజుట్టు బోర్లించిన గిన్నెలా మిగులుతుంది. వీళ్ళు ఆ మూల దగ్గర కాస్త ఒత్తు వదులుతారు కాబట్టే మొహానికి కోణం, మగతనం వస్తాయి. సుడి దగ్గర మాత్రం పొట్టి చేయొద్దని ముందే చెప్పండి, లేదంటే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి.

ఒక్క లోపం: అడగకపోతే మెడ వెనక బ్లేడుతో గుండ్రంగా గీసేస్తారు. వారం తిరిగేసరికి మొలకలొచ్చి ఆ గీత మాసిపోతుంది, మన ఎండకు, చెమటకు పొక్కులు కూడా లేస్తాయి. గార్డు తీసేసి ట్రిమ్మర్‌తోనే పల్చగా కలిపేయమనండి. ఆదివారం రద్దీ ఎక్కువ, చేతికి తీరిక ఉండదు. మంగళవారం చాలా సెలూన్లు మూస్తారు, బుధవారం పొద్దున వెళ్ళండి.