ఫైఫాక్స్ యాప్‌తో ఆరేళ్లు: ఒక ఫిజిక్స్ టీచర్ అనుభవం

ఫోన్‌తోనే కొలతలు తీసే ఈ ఫైఫాక్స్ యాప్‌ని మొదటి ఏడాది నేను తప్పుగా వాడాను. ఫోన్ బల్లమీద పెట్టడం, స్క్రీన్ మీద గురుత్వ త్వరణం విలువ 9.8 రాగానే "చూశారా, పుస్తకంలో ఉన్నదే వచ్చింది" అనడం. పిల్లలు తలూపేవాళ్లు. పుస్తకంలో ఉన్నదే వచ్చేటప్పుడు ఈ హడావిడి అంతా ఎందుకని వాళ్లూ అడగలేదు, నాకూ తట్టలేదు.

ఇప్పుడూ అదే రీడింగ్‌తో మొదలుపెడతాను. కాకపోతే ప్రశ్న మారింది. "ఫోన్ కదలకుండా పడి ఉంది కదా, త్వరణం 9.8 అని ఎందుకు చూపిస్తోంది? కిందకి వదిలేస్తే ఎంత చూపిస్తుంది?" క్లాసులో సగానికి పైగా "ఇంకా ఎక్కువ" అంటారు. దిండు మీదకి వదిలితే గ్రాఫ్ సున్నా దగ్గరకి పడిపోతుంది. ఇక గొడవే గొడవ. సెన్సర్ లోపల స్ప్రింగ్‌కి వేలాడే బుల్లి బరువు లాంటిది ఉంటుందని, బల్ల ఫోన్‌ని పైకి నెడుతున్నంతసేపూ ఆ స్ప్రింగ్ సాగి ఉంటుందని, ఫోన్, బరువు రెండూ కలిసి పడిపోతున్నప్పుడు సాగడానికి కారణమే ఉండదని వాళ్లలో వాళ్లే వాదించుకుంటూ తేల్చేసరికి పీరియడ్ అయిపోతుంది. వదిలేటప్పుడు చెయ్యి కదిలి ఫోన్ గిర్రున తిరిగితే రీడింగ్ పూర్తిగా సున్నాకి రాదు. అది ఇంకో రోజు పాఠం.

ఇంతకీ ఫైఫాక్స్ అంటే ఏమిటో పూర్తిగా చెప్పలేదు. ఫోన్‌లో ఎలాగూ ఉన్న సెన్సర్లనీ మైకునీ కొలత పరికరాలుగా మార్చే యాప్ ఇది. జర్మనీలోని ఆహెన్ నగరంలో ఉన్న ఆర్‌డబ్ల్యూటీహెచ్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారు చేశారు. 2016లో వచ్చింది. ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఉంది, పూర్తిగా ఉచితం. ఫోన్, కంప్యూటర్ ఒకే వైఫైలో ఉంటే గ్రాఫ్‌ని కంప్యూటర్ బ్రౌజర్‌లో అప్పటికప్పుడు చూడొచ్చు. ప్రొజెక్టర్ ఉన్న గదిలో ఇది వరమే. లేకపోతే నలభై తలలు ఒక ఫోన్ మీదకి వంగాల్సిందే.

ఆరేళ్లలో నేను ఎక్కువసార్లు చేయించింది ధ్వని వేగం. రెండు ఫోన్లలో శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్ తెరిచి, 5 మీటర్ల దూరంలో పెడతాం. ఈ చివర ఒకరు చప్పట్లు కొడితే రెండు గడియారాలూ మొదలవుతాయి, ఆ చివర ఇంకొకరు కొడితే రెండూ ఆగుతాయి. శబ్దం వెళ్లడానికి పట్టే సమయం వల్ల ఒక ఫోన్‌లో ఎక్కువ, రెండోదాంట్లో తక్కువ వస్తుంది. ఆ తేడా శబ్దం 10 మీటర్లు (ఒక్కో చివర నుంచి 5 చొప్పున) నడిచిన కాలం. సుమారు 0.029 సెకన్లు రావాలి. మొదటిసారి మాకు 0.024 వచ్చింది. అంటే సెకనుకి 417 మీటర్లు! యాప్‌దే తప్పని తేల్చేశారు పిల్లలు. తీరా చూస్తే చప్పట్లు కొట్టేవాళ్లు ఫోన్‌కి వెనకగా, ఇద్దరూ ఒకే గీతలో నిలబడకుండా, ఎవరికి తోచినచోట వాళ్లు పక్కకి జరిగి కొట్టారు. దానికి తోడు బెంచీ జరిపిన చప్పుడుకే ఒకసారి గడియారం మొదలైపోయింది. శబ్దం ఎంత గట్టిగా ఉంటే స్పందించాలో యాప్‌లో మనమే పెట్టుకోవాలి. దాన్ని కాస్త పెంచి, నేలమీద సుద్దతో గీత గీసి మళ్లీ చేస్తే 0.030 వచ్చింది. ఆ రోజు వాళ్లు చప్పట్లు కొట్టింది ప్రయోగం కోసం కాదు.

బంతి గెంతుళ్లు కూడా బాగుంటుంది. బంతి నేలని తాకే చప్పుళ్ల మధ్య కాలం నుంచి అది ఎంత ఎత్తుకి లేచిందో యాప్ లెక్కగడుతుంది. నేను మాత్రం ముందు కాగితం మీద చేయిస్తాను: రెండు చప్పుళ్ల మధ్య 0.80 సెకన్లుంటే ఎత్తు దాదాపు 78 సెంటీమీటర్లు, తర్వాతి గెంతుకి 0.70 అయితే 60. పోయిన శక్తి ఎక్కడికి పోయిందని అడిగితే బంతిని పట్టుకుని వేడెక్కిందేమోనని చూసేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

ఇక ఇబ్బందులు. అన్ని ఫోన్లలో అన్ని సెన్సర్లూ ఉండవు. వాతావరణ పీడనం కొలిచే సెన్సర్ మాకు దొరికిన ఫోన్లలో ఒక్కదాంట్లోనే ఉంది. మెట్లెక్కుతుంటే మీటరుకి 0.12 హెక్టోపాస్కల్ చొప్పున పీడనం తగ్గడం చూపించాలంటే ఆ ఒక్క ఫోన్ చుట్టూనే గుమిగూడాలి. పిల్లలు బడికి ఫోన్లు తేకూడదు కాబట్టి ఇళ్లలో మూలపడేసిన పాతవి మూడు అడిగి తెచ్చుకున్నాను. స్క్రీన్ పగిలినా సెన్సర్ పనిచేస్తే చాలు. ఒకదాన్ని పగలగొట్టింది నేనే. దిండు మీద పడి ఎగిరి నేలకి తగిలింది. అప్పటినుంచి దిండు కాదు, మడిచిన దుప్పటి.

అయస్కాంత క్షేత్రం కొలిచేటప్పుడు ఫోన్ కవర్ తీసేయండి. భూమి అయస్కాంత క్షేత్రం ఎక్కడైనా 25 నుంచి 65 మైక్రోటెస్లాల మధ్యే ఉంటుంది. మాకు ఒకసారి 400 దాటింది. కవర్ మూతలో బుల్లి అయస్కాంతం ఉందని కనిపెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

నన్ను ఎక్కువ విసిగించింది దశాంశాలు. తెరమీద 9.8137 అని కనబడితే పిల్లలు నాలుగు అంకెలూ నమ్మేసి నోట్సులో రాసుకుంటారు. అందుకే మూడు ఫోన్లూ పక్కపక్కన పెట్టిస్తాను. ఒకటి 9.72 అంటుంది, ఒకటి 9.80, ఇంకొకటి 9.91. "ఏది కరెక్ట్ సార్?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఫోన్‌ని బోర్లించి, నిలబెట్టి, పక్కకి వాల్చి మళ్లీ కొలవమంటాను. వైపు మారితే అంకె మారుతుంది, ఎంత మారుతుందో ఒక పట్టిక వేస్తారు.

కెమిస్ట్రీ, బయాలజీ టీచర్లకి ఇందులో పెద్దగా పనికొచ్చేది లేదు. ఫిజిక్స్ వాళ్లయితే ధ్వని వేగంతో మొదలుపెట్టండి. ఫోన్ కింద పడే ప్రమాదం లేదు. నా పగిలిన ఫోన్ ఇప్పటికీ క్లాసులో ఉంది, 9.72 చూపించేది అదే. సర్దుబాటుకి ఎంత కలపాలో దాని వెనక ఎవరో స్టిక్కర్ మీద రాసి అంటించారు.