మంట మీదా, నీళ్లలోనా? హెచ్5పీ ఇంటరాక్టివ్ వీడియోతో నా అనుభవం

జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి జీవశాస్త్రం చెప్తాను. ఆకులో పిండిపదార్థం ఉందో లేదో చూసే ప్రయోగం ఏటా చేసి చూపిస్తాను. ముందు వరుస వాళ్లకి తప్ప ఎవరికీ సరిగ్గా కనపడదు. వీడియో వేస్తే అందరికీ కనపడుతుంది. కానీ అయిపోయాక "స్పిరిట్‌ను నీళ్లలో పెట్టి ఎందుకు వేడి చేశాం?" అని అడిగితే క్లాసంతా నిశ్శబ్దం. అందరూ చూశారు, ఎవరూ ఆలోచించలేదు.

ఆలోచించాల్సిన చోట ఆగే వీడియో కావాలని వెతికితే హెచ్5పీ దొరికింది. వీడియో మధ్యలో ప్రశ్నలు, ఎంపికలు పెట్టుకోనిచ్చే, నార్వేలో పుట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. దీన్ని నేను లూమి అనే ఉచిత ప్రోగ్రాంలో వాడుతున్నాను. అంతకుముందు ఒక సైట్‌లో ట్రయల్ మీద నాలుగు పాఠాలు చేశాను. గడువు తీరగానే వాటికి తాళం పడింది. ఆ బాధ పడ్డాక, చేసిన పాఠం నా కంప్యూటర్‌లోనే ఒక ఫైలుగా ఉండటం ఎంత విలువైనదో తెలిసింది. యూట్యూబ్‌లోనూ ఇలాంటిదే జరిగింది. అక్కడ వీడియో మీద పెట్టెలు పెట్టి, నొక్కితే వేరే వీడియోకి వెళ్లేలా ఆటలు కట్టిన కాలం ఒకటుంది. 2008లో వచ్చిన ఆ అనొటేషన్లు ఫోన్లలో పనిచేయలేదు. 2019 జనవరి 15న యూట్యూబ్ పాతవాటిని కూడా తీసేసింది. వీడియోలు మిగిలాయి, దారులు పోయాయి.

హెచ్5పీలో యూట్యూబ్ లింకు ఇవ్వొచ్చు, సొంత వీడియో ఎక్కించొచ్చు. మా బడిలో నెట్‌ని నమ్ముకోలేం కాబట్టి ల్యాబ్‌లో ఫోన్‌తో నేనే తీసుకున్నాను. కావలసిన క్షణం దగ్గర ఆపి బహుళైచ్ఛిక ప్రశ్నో, ఖాళీ పూరించడమో పెట్టొచ్చు. ఖాళీల్లో జవాబుకి రెండు వైపులా నక్షత్రం గుర్తు (*), మరో జవాబుంటే మధ్యలో ఏటవాలు గీత (/) పెట్టాలి. తెలుగు మీడియం పిల్లలకి ఇది చాలా అవసరం. ఒకరు పత్రహరితం అని రాస్తారు, ఇంకొకరు క్లోరోఫిల్ అంటారు, ఇద్దరూ ఒప్పే కదా.

అయితే మధ్యలో ప్రశ్న పెట్టినంత మాత్రాన అది ఆట అయిపోదు, పరీక్షే అవుతుంది. ఆట అవ్వాలంటే పిల్లవాడు ఎంచుకున్నదాన్ని బట్టి తర్వాత జరిగేది మారాలి. అందుకు పనికొచ్చేది హెచ్5పీలోని 'క్రాస్‌రోడ్స్' అనే అమరిక. స్పిరిట్‌లో ఆకు వేసిన పరీక్షనాళిక చేత్తో పట్టుకున్న చోట వీడియో ఆగుతుంది. నేరుగా మంట మీద పెడదామా, వేడినీళ్ల బీకరులో పెడదామా? మంట అని నొక్కితే స్పిరిట్ ఆవిరి ఎంత తేలిగ్గా అంటుకుంటుందో నేను వివరించే ముక్క వస్తుంది. నీళ్లు అని నొక్కితే పత్రహరితం కరిగి ఆకు తెల్లబడుతుంది, తర్వాత అయోడిన్ చుక్కలు, నీలి నలుపు రంగు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దారులన్నీ ఒకే వీడియోలో ఒకదాని వెనక ఒకటి అతికించి ఉంటాయి, క్రాస్‌రోడ్స్ ఆ సమయానికి దూకిస్తుందంతే. ప్రతి ముక్క చివరా మళ్లీ ఒక మలుపు పెట్టకపోతే ఒక దారి ఇంకో దారిలోకి జారిపోతుంది. మొదటిసారి నేను అది మర్చిపోయాను. 'నీళ్లు' అన్న పిల్లలకి కూడా చివర్లో మంట హెచ్చరిక వచ్చి అయోమయపడ్డారు. ఇప్పుడు ముందే కాగితం మీద నిమిషాలు, సెకన్లతో సహా దారులు గీసుకుంటున్నాను. మలుపులు మూడు నాలుగు దాటితే హెచ్5పీలోనే ఉన్న 'బ్రాంచింగ్ సినారియో' మేలు. అక్కడ ఒక్కో ముక్క వేరే వీడియోగా పెట్టి చెట్టు కొమ్మల్లా కలుపుకోవచ్చు.

నాలుగు నిమిషాల వీడియోకి మొదట రెండు సాయంత్రాలు పట్టింది, ఇప్పుడు ఒకటి చాలు. బ్రౌజర్‌లో తెరుచుకునే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఎగుమతి చేసి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి క్లాసులోని డిజిటల్ ప్యానెల్ మీద వేస్తాను. సొంత వీడియో కాబట్టి నెట్ అక్కర్లేదు. ఎడిటర్‌లో ఎన్నో మెనూలున్నాయి, కొత్తవాళ్లు బెదరొచ్చు. వీడియో, ప్రశ్నలు, చివరి సారాంశం అనే మూడు మెట్లు మాత్రం పట్టుకుంటే చాలు. వీడియోని ముందుకీ వెనక్కీ జరపకుండా అడ్డుకునే అమరిక కూడా ఉంది గానీ నేను దాన్ని ఒక్కరోజు వాడి తీసేశాను. మళ్లీ చూడాలనుకున్న పిల్లవాణ్ణి కట్టేయడం నాకు నచ్చలేదు.

మొన్న క్లాసులో సరైన దారిలో చివరిదాకా వెళ్లాక, వెనక బెంచీ నుంచి ఒకడు లేచి అడిగాడు: "మేడం, మంట మీద పెడితే ఏమయ్యేదో కూడా చూద్దాం." గంట కొట్టేశారు. అయినా ఎవరూ కదల్లేదు. మొదటి నుంచి వేశాను.