లిండిస్‌ఫార్న్‌లో దాడి, యార్క్‌లో కాపురం

వెయ్యేళ్ల కిందట స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగులంటే దోపిడీయే కదా అనుకుంటూ, అమ్మను వెంటబెట్టుకుని ముందు ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ దీవికే వెళ్లాను. బెర్విక్‌లో రైలు దిగి టాక్సీ ఎక్కాలి. దీవికి వెళ్లే రోడ్డు రోజుకు రెండుసార్లు సముద్రంలో మునిగిపోతుంది. ముందే మాట్లాడుకున్న టాక్సీ గంటకు పైగా ఆలస్యంగా వచ్చింది. పోటు వచ్చేలోగా తిరిగి రావాలి కాబట్టి మాకు దక్కింది గంటన్నరే. పోటు వేళలు చూసుకున్నాకే రైలు టిక్కెట్లు కొనండి.

793 జూన్ 8న వైకింగులు ఇక్కడి క్రైస్తవ మఠం మీద పడ్డారు. ఇప్పుడు కనిపించే శిథిలాలు ఆ మఠానివి కావు, 12వ శతాబ్దంలో మొదలైన కట్టడానివి. నన్ను నిలబెట్టేసింది మ్యూజియంలోని చిన్న సమాధి రాయి. దాని మీద ఏడుగురు వరసగా కత్తులు, గొడ్డళ్లు ఎత్తి నడుస్తున్నారు. రెండో వైపు శిలువ, సూర్యచంద్రులు, ప్రార్థిస్తున్న మనుషులు. దాడి తర్వాత వందేళ్ల లోపే చెక్కిన రాయి అంటారు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

కానీ మీకు రెండు రోజులే ఉంటే రెండూ ఇంగ్లండ్‌లోనే ఉన్న యార్క్ నగరానికే ఇవ్వండి. 866లో పట్టుకున్న ఈ ఊళ్లో వాళ్లు ఇళ్లు కట్టుకున్నారు, వ్యాపారాలు చేశారు. వాళ్ల చివరి రాజు ఎరిక్‌ను 954లో తరిమేసినా జనం ఇక్కడే ఉండిపోయారు. యార్క్‌లోని కాపర్‌గేట్ వీధిలో 1976 నుంచి 81 దాకా తవ్వితే గాలి చొరబడని తడిమట్టిలో చెక్క, తోలు, బట్ట కుళ్లకుండా దొరికాయి. అక్కడే కట్టిన యోర్విక్ (యార్క్‌కు వైకింగుల పేరు) ప్రదర్శన కేంద్రంలో బండిలో కూర్చోబెట్టి నాటి వీధి తిప్పుతారు, వాసనలతో సహా. పిల్లలకు బాగుంటుంది. మాకు మాత్రం ఆ తర్వాతి గదిలోని ఉన్ని మేజోడు నచ్చింది. ఒకే సూదితో, ముడి మీద ముడి వేసి అల్లింది. స్వెట్టర్లు అల్లే అమ్మ అద్దానికి ముఖం ఆనించి మడమ దగ్గరి కుట్లు చూసింది. ఎవరి కాలికో కొలత తీసుకుని అల్లారే అంది.

బస మికిల్‌గేట్ దగ్గర, పాత ఇంట్లో. గది శుభ్రం, ఇంటావిడ మర్యాదస్తురాలు, కానీ మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులుంటే కింది గది అడిగి తీసుకోండి. ఇక్కడ గేట్ అంటే వీధి, వైకింగుల భాష నార్స్‌లోని మాట. కోట ద్వారాన్ని బార్ అంటారు. టిఫిన్ బల్ల మీది ఎగ్, నైఫ్ కూడా వాళ్లు తెచ్చిన మాటలే. హస్బెండ్ అన్నా వాళ్ల భాషలో ఇంటి యజమానే. దోచుకుని పోయినవాళ్ల మాటలు వంటింట్లో మిగలవు, కాపురం ఉన్నవాళ్లవి మిగులుతాయి. విండో అంటే గాలి కన్ను అని చెప్పాను. అమ్మ కిటికీ రెక్క తీస్తూ, "మన గవాక్షం కూడా ఆవు కన్నే కదరా" అంది.